కారణం రాయాల్సిన గడి

మాధవరం లారీల అడ్డాలో
తెల్లారగట్ల నాలుగున్నరకి
అది వచ్చి ఆగిన సంగతి
చెవులు చెప్పలేదు, నేల చెప్పింది.
టీ గ్లాసులో చిన్న వలయం.

ఇరవై ఆరేళ్లు ఇంజను దగ్గు విని
బండి ఎవరిదో చెప్పినవాణ్ణి.
ఇది దగ్గదు, మూలగదు.
పక్కన పచ్చరంగుతో 'పొగ లేదు' అని రాసి ఉంటుంది.
నిజమే, లేదు.

చెంగల్రాయుడు దిగాడు, చెప్పులు చేత్తో పట్టుకుని.
"కాలు బరువని అంటున్నారు మస్తానూ,
నెల్నాళ్లుగా వట్టికాళ్లతో తోల్తున్నా.
అయినా పోయాయి, చూడు."

చూశాను.
గేజి తర్వాత, ముందు బొటనవేలు.
వెనక ఇరుసు, లోపలి జత.
ఇటు నిమిరితే నున్నన, ఎదురు నిమిరితే రంపం.
పద్దెనిమిది మిల్లీమీటర్ల లోతుతో
ఆడి నెలలో నేనే ఎక్కించినవి.
కార్తీక దీపాలకి మూడు.

డీజిల్ బండికి బయల్దేరడమంటే ఒక తగాదా.
క్లచ్‌తో మాట్లాడాలి, గేరుని బతిమాలాలి.
ఆ సందులో రబ్బరుకి
రోడ్డుని ఒకసారి తల్చుకునే వ్యవధి దొరికేది.

ఆరంభశూరత్వమని మనుషుల్ని ఎగతాళి చేస్తాం గానీ
అసలు శూరత్వం ఎన్నూరు సిగ్నలు దగ్గర చూడాలి.
వీపున కంటైనరు,
కడుపులో మూడు టన్నుల బ్యాటరీ,
పచ్చలైటు పడీ పడగానే
అడిగిన బలమంతా అడిగిన క్షణానే.
ఇచ్చేది మోటారు,
కట్టేది టైరు.

పోనీ కాలు తీస్తే ఊరుకుంటుందా,
అప్పుడూ చక్రాన్నే గుంజి ఆపుతుంది.
ఆపిన బలం తిరిగి బ్యాటరీకి జమ అట,
తెర మీద గీత పెరుగుతుంది.
రబ్బరు జమయ్యే ఖాతా
ఏ తెర మీదా నేను చూళ్లేదు.

ఏడింటికి మేనేజరు ఇళంపరిది వచ్చాడు.
మంచివాడే, మా పెద్దదాని ఈడు.
చేతిలో ట్యాబు, అందులో ఫారం.
టైరు నంబరు, లోతు, కిలోమీటర్లు,
చివర్న ఒక గడి: కారణం.
దానికి నాలుగే జవాబులు.
గాలి తక్కువ. లోడు ఎక్కువ. అలైన్‌మెంటు. డ్రైవరు.
"ఏదో ఒకటి నొక్కండి అణ్ణే,
లేకపోతే తర్వాతి పేజీ రాదు."

గాలి కొట్టింది నేనే.
లోడు కాగితం ప్రకారం సరిగ్గానే ఉంది.
అలైన్‌మెంటు పోయిన నెల చేసిందీ నేనే.
ఇక మిగిలింది
కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్న మనిషి.
టైరు ఇరవై రెండు వేలు, నాలుగు టైర్లు,
జీతంలో ఎన్ని నెలల కోతో
ఆ ఫారానికి ముందే తెలుసు.

వేలు పెట్టాను, తెర తీసుకోలేదు.
నా వేలి మీద అంత నలుపు.
అతనే తుడిచి మళ్లీ పట్టుకున్నాడు,
మళ్లీ తీసుకోలేదు.

"ఇంకో జవాబు చేర్చు సారూ," అన్నాను.
"ఏమని?"
"తొందర."
తమిళ చెవికి అది మరోలా తగిలింది.
"తొందరవా? ఎవరికి అణ్ణే ఇబ్బంది?"
సరిదిద్దబోయి ఆగాను.
ఆ అర్థమూ తప్పేం కాదనిపించింది.

పదిహేను మిల్లీమీటర్లు
ఎక్కడికో పోయుండాలి కదా.
మణలి రోడ్డు పక్క మా మిద్దె మీద
ఆరేసిన చొక్కా దులిపితే
సన్నటి నల్లపొడి రాలుతుంది.
ఇన్నాళ్లూ మసి అనుకున్నాం.
మసి అయితే మెత్తగా ఉండాలి,
ఇది వేళ్ల మధ్య ఉండ కడుతుంది.

ఎనిమిదిన్నరకి కొత్తవి ఎక్కించాను.
కొత్త టైరుకి సన్నటి రబ్బరు మీసాలుంటాయి.
చెంగల్రాయుడు ఒకటి గిల్లి, వేళ్ల మధ్య నలిపి
"ఇవి ఎన్నూరు దాకా అన్నా ఉంటాయంటావా?" అన్నాడు.
చెప్పులు సీటు కింద పెట్టి
వేడినీళ్లలో కాలు పెట్టినట్టు
పెడలు మీద మెల్లగా బొటనవేలు మోపాడు.

టీ గ్లాసులో వలయం.
ఇళంపరిది ఇంకా
తర్వాతి పేజీ కోసం చూస్తున్నాడు.